మూకుడులో మిగిలిన నూనెతో డీజిల్ బండి నడుస్తుందా?

డీజిల్ పంపులు, ఇంజిన్‌లోకి డీజిల్‌ను చిమ్మే నాజిళ్లు బాగుచేసే షెడ్డుల్లో గోడవారగా ఒక చిన్న పరికరం ఉంటుంది. పైన డీజిల్ పోసే గిన్నె, పక్కన ఒత్తిడి చూపే మీటరు, చేత్తో కొట్టే పొడవాటి మీట. నాజిల్‌ను దానికి బిగించి మీట కొడితే, పాతకాలం ఇంజిన్ నాజిల్ అయితే సుమారు 200 బార్ల ఒత్తిడి దగ్గర కిర్రుమంటూ తెరుచుకుంటుంది. అందులోంచి వచ్చే డీజిల్ ద్రవంలా కనిపించదు, తెల్లటి పొగమంచులా విచ్చుకుంటుంది. అదే గిన్నెలో వేరుశెనగ నూనె పోసి మీట కొట్టండి. మంచు రాదు. సన్నటి ధారగానో, లావుపాటి చుక్కలుగానో దూసుకొస్తుంది. వంటనూనెతో డీజిల్ బండి నడపడంలో వచ్చే చిక్కులన్నీ దాదాపు ఈ ఒక్క తేడా నుంచే పుడతాయి.

డీజిల్ ధర పెరిగినప్పుడల్లా రాజాం, నరసన్నపేట ఆటోస్టాండుల్లో ఈ మాట మళ్లీ లేస్తుంది. సన్‌ఫ్లవర్ ఆయిల్ ప్యాకెట్ కత్తిరించి ట్యాంకులో పోసి, సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకున్నట్టు చూపించే వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. ఆ వీడియోల్లో మోసం ఉండాల్సిన పనిలేదు. వంటనూనెతో డీజిల్ ఇంజిన్ నిజంగానే స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ను వేరుశెనగ నూనెతో నడిపి చూపించారు. ఆ ఇంజిన్‌ను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ స్వయంగా ఈ సంగతి తర్వాత చెప్పుకున్నాడు. కాబట్టి నడుస్తుందా అన్న ప్రశ్నకు 120 ఏళ్ల కిందటే జవాబు దొరికింది. ఎన్ని గంటలు నడుస్తుంది, ఏ ఇంజిన్‌లో నడుస్తుంది, ఆ తర్వాత ఇంజిన్ గతి ఏమిటి అన్నవే అడగాల్సిన ప్రశ్నలు.

ముందు చిక్కదనం సంగతి. 40 డిగ్రీల వేడిలో డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోకుల మధ్య ఉండాలి. వేరుశెనగ, పొద్దుతిరుగుడు, పామాయిల్ లాంటి నూనెలది అదే వేడిలో 30 నుంచి 40 దాకా ఉంటుంది. అంటే దాదాపు పదింతలు. ఆముదం అయితే 200 కూడా దాటిపోతుంది. వంటనూనె అణువు డీజిల్ అణువు కంటే నాలుగింతలు బరువైనది. గ్లిజరిన్ అనే వెన్నెముకకు మూడు పొడవాటి కొవ్వు ఆమ్లాల గొలుసులు వేలాడుతుంటాయి. ఆ గొలుసులే మంచి ఇంధనం. కిలోకు డీజిల్ ఇచ్చే వేడి కంటే కాస్త తక్కువే ఇచ్చినా, నూనె డీజిల్ కంటే బరువైనది కాబట్టి లీటరు లెక్కన చూస్తే తేడా 5 నుంచి 8 శాతమే. గంధకం దాదాపు ఉండదు. కాలే గుణానికి కొదవ లేదన్నమాట. చుక్క లావుగా ఉండటంతో, కాలడానికి ఇంజిన్‌లో దొరికే ఆ రెప్పపాటు కాలం సరిపోదు.

సగం కాలిన నూనె ఎక్కడికి పోతుంది? మొదటి రోజుల్లో ఎక్కడికీ పోయినట్టు కనిపించదు. పొగగొట్టం దగ్గర బజ్జీల వాసన వస్తుంది, పికప్ కాస్త తగ్గినట్టు ఉంటుంది, అంతే. డ్రైవరుకు ధైర్యం వస్తుంది. లోపల మాత్రం నాజిల్ మూతి చుట్టూ నల్లటి గట్టి పొర పేరుకుంటూ ఉంటుంది. పూరీలు వేయించిన మూకుడు అంచున ఎంత గీకినా ఊడని జిగట పొర తెలుసు కదా, సరిగ్గా అదే. వేడికి నూనె అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని లక్కలా బిగుసుకోవడమే దానికి కారణం. నాజిల్ మూతి దగ్గర ఆ పొర పట్టాక ధార ఇంకా లావవుతుంది, ఇంకా తక్కువ కాలుతుంది, పొర ఇంకా పెరుగుతుంది. పిస్టన్ రింగులు తమ గాడుల్లో అతుక్కుపోతాయి. రింగుల పక్కనుంచి జారిన నూనె కింద ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. ఇంధనంగా పోసిన నూనె అక్కడికి చేరితే ఇంజిన్ ఆయిల్ కొన్నాళ్లకు జావలా చిక్కబడుతుంది. పది గంటల పరీక్షలో బాగా నెగ్గిన ఇంజిన్లు వంద, రెండు వందల గంటల పరీక్షలో ఇలాగే దెబ్బతిన్నాయని 1980ల నాటి ప్రయోగాల్లోనే తేలింది. వీడియో నిడివి పది నిమిషాలు. ఇంజిన్ బోరుకొచ్చేది నెలల తర్వాత.

అన్ని ఇంజిన్లూ ఒకేలా దెబ్బతినవు, ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. వెనకటి రోజుల్లో చెరువుగట్ల మీద టకటకమంటూ నెమ్మదిగా తిరిగే 5 హెచ్‌పీ నీటి ఇంజిన్లు ఉండేవి, కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో నాజిల్ రంధ్రాలు పెద్దవి, వేగం తక్కువ, ఒత్తిడి తక్కువ. ఒకే లోడు మీద గంటల తరబడి వేడిగా తిరుగుతాయి. వంటనూనెను కాస్తయినా ఓర్చుకునేవి అవే. పాత ట్రాక్టర్లు ఆ తర్వాత. వాటిలోనూ నాజిళ్లకు ఇంధనం తోసేది రోటరీ పంపు అయిన వాటికంటే, ఒక్కో సిలిండర్‌కు ఒక్కటి చొప్పున వరుసగా ఉండే వరుస పంపు ఉన్నవి మేలు. రోటరీ పంపుకు ఇంధనమే కందెన. చల్లటి పొద్దున చిక్కటి నూనెను లాగబోయి ఆ పంపు లోపల అరిగిపోవడమో, బిగుసుకుపోవడమో జరుగుతుంది.

ఇక ఈ కాలం బండ్లలో ఉండే కామన్ రైల్ ఇంజిన్ల సంగతి వేరు. వాటిలో ఒత్తిడి 1,600 నుంచి 2,000 బార్ల దాకా పోతుంది. నాజిల్ పని చేసే ఇంజెక్టర్ల రంధ్రాలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. ఎంత ఇంధనం, ఏ క్షణాన పోవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ కూడా ఉంటుంది. ఆ మసిని కాల్చడానికి చాలా బండ్లు మధ్యమధ్యలో కాస్త ఇంధనం అదనంగా చిమ్ముతాయి. వంటనూనె ఆ సమయంలో ఆవిరి కాలేక సిలిండర్ గోడల వెంట ఇంజిన్ ఆయిల్లోకి దిగిపోతుంది. అలాంటి బండిలో లీటరు వంటనూనె పోసి మిగుల్చుకునేది ఎంతైనా, నాలుగు ఇంజెక్టర్లు మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చు ముందు అది నిలవదు. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సాలూరుకు లారీల ఊరని పేరు. అక్కడి నుంచి కోరాపుట్, రాయ్‌పూర్ వైపు ఘాట్ ఎక్కే లారీల్లోనూ కొత్తవన్నీ ఈ రకమే. సుంకి ఘాట్ మలుపులో లోడు మీద ఉన్న లారీ పికప్ కోల్పోతే అది డబ్బు నష్టంతో పోయే విషయం కాదు.

తెప్పలకు బిగించే చిన్న డీజిల్ ఇంజిన్ల విషయంలో కూడా ఇదే భయం. భావనపాడు, కళింగపట్నం తీరాల నుంచి తెల్లవారకముందే వేటకు పోయేవాళ్లకు రోజువారీ ఖర్చులో డీజిల్‌ది పెద్ద వాటా. ప్రభుత్వం లీటరుకు రూ.9 రాయితీ ఇస్తున్నా ఆ భారం తీరడం లేదు. కాబట్టి చవక ఇంధనం మీద వాళ్లకు ఆశ కలగడంలో తప్పులేదు. కానీ ఒడ్డుకు పది కిలోమీటర్ల దూరంలో ఫిల్టర్ మూసుకుపోయి ఇంజిన్ ఆగితే, ఫోన్ చేసి మెకానిక్‌ను పిలిపించుకునే చోటు కాదది. నడిసంద్రంలో ప్రయోగాలు చేయకూడదు.

చిక్కదనానికి మందు వేడి. నూనెను 70, 80 డిగ్రీలకు వేడిచేస్తే చిక్కదనం 10, 12 సెంటీస్టోకులకు దిగుతుంది. డీజిల్ అంత పలచన కాకపోయినా పాత ఇంజిన్ మింగగలిగే స్థాయి. జర్మనీలో ఆవనూనె లాంటి రేప్‌సీడ్ నూనెతో బండ్లు నడిపినవాళ్లు ఈ పద్ధతినే పట్టుకున్నారు. బండికి రెండు ట్యాంకులు ఉంటాయి. ఒకదానిలో డీజిల్, మరొకదానిలో నూనె. ఇంజిన్ డీజిల్ మీద స్టార్ట్ అవుతుంది. రేడియేటర్ నీళ్లు వేడెక్కాక ఆ నీళ్లే ఒక గొట్టంలో తిరిగి నూనెను వేడిచేస్తాయి. అప్పుడు వాల్వు తిప్పి నూనెకు మారతారు. ఆపడానికి ఐదారు నిమిషాల ముందు మళ్లీ డీజిల్‌కు మార్చి, పైపుల్లో, నాజిళ్లలో ఉన్న నూనెను కాల్చేస్తారు. ఈ చివరి పని మరచిపోతే మర్నాడు బండి కదలదు. అడుగడుక్కీ ఆగే షేర్ ఆటోకు ఇది పనికొచ్చే పద్ధతి కానే కాదు. ఇంజిన్ వేడెక్కేలోపే ట్రిప్పు అయిపోతుంది.

మన వాతావరణం వేడి కాబట్టి ఇబ్బంది ఉండదని కొందరంటారు. అందులో సగమే నిజం. మే నెల ఎండలో కూడా నూనె 40 డిగ్రీల దగ్గరే ఉంటుంది, 80 కాదు. పైగా ఇక్కడ అందరూ వాడేది పామాయిల్. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో డబ్బా అడుగున తెల్లగా పేరుకోవడం ప్రతి వంటింట్లో చూసేదే. ట్యాంకులోనూ అలాగే పేరుకుంటుంది, ముందుగా ఫిల్టర్ కాగితం మీద. ఉద్దానంలో కొబ్బరికి కొదవ లేదు, కొబ్బరినూనె ఇంజిన్‌కు మిగతా నూనెల కంటే మంచిది కూడా. గాలి తగిలి జిగురుగా మారే గుణం దానికి బాగా తక్కువ. పసిఫిక్ సముద్రంలోని బూగన్‌విల్ దీవికి 1990ల్లో దిగ్బంధం వల్ల డీజిల్ అందనప్పుడు అక్కడివాళ్లు కొబ్బరినూనెతోనే బండ్లు నడుపుకున్నారు. అయితే అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. కవిటి, సోంపేటల్లో చలికాలం రాత్రి ఆ మాత్రం చల్లదనం మామూలే.

ఇంతకీ ధర గిట్టుతుందా? కొత్త నూనె విషయంలో జవాబు సూటిగానే ఉంది, గిట్టదు. వేరుశెనగ, నువ్వుల నూనెలు డీజిల్ కంటే ఎప్పుడూ ఖరీదే. పామాయిల్ ఒక్కటే అప్పుడప్పుడు డీజిల్ ధర దాపుకు వస్తుంది. అది కూడా మన చేతిలో లేదు. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది, మే నెలలో ఆ నిషేధం ఎత్తేసింది. ఈ కొద్ది వారాల్లోనే ఇక్కడ కిరాణా కొట్లలో ప్యాకెట్ ధర చూసి జనం బెంబేలెత్తారు. 2024 సెప్టెంబరులో కేంద్రం దిగుమతి సుంకం పెంచినప్పుడూ అదే తంతు. ముడిచమురును దిగుమతి చేసుకునే దేశం, దాని బదులు దిగుమతి చేసుకున్న వంటనూనెను కాల్చడంలో అర్థం లేదు. తినే నూనెను బండికి పోసే ఆలోచనను ఇక్కడితో వదిలేయడమే న్యాయం.

మిగిలింది వాడేసిన నూనె. అసలు విషయం ఇక్కడే ఉంది. విజయనగరంలో గంటస్తంభం, మూడు లాంతర్ల చుట్టుపక్కల, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర సాయంత్రం ఐదు దాటాక ఎన్ని మూకుళ్లు పొయ్యి మీదుంటాయో చూసినవాళ్లకు తెలుసు. పైడితల్లి సిరిమాను రోజైతే పొద్దుటి నుంచే నూనె కాగుతూ ఉంటుంది. ఒకసారి కాగిన నూనె రంగు మారుతుంది. నాలుగోసారికి బజ్జీ వేయగానే సబ్బు నురగలా పొంగి, ఆ నురగ తొందరగా తగ్గదు. పొగ ముందుకంటే త్వరగా లేస్తుంది. లోపల నూనె విరిగి ధ్రువ పదార్థాలనేవి పెరుగుతున్నాయనడానికి గుర్తులివి. ఇవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టిన నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది ఆగస్టులో, వాడేసిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే రూకో అనే కార్యక్రమాన్ని కూడా ఆ సంస్థ మొదలుపెట్టింది. 2022 నాటికి దేశం మొత్తం మీద 220 కోట్ల లీటర్ల వాడిన నూనె సేకరించే వీలుందని అప్పట్లో అంచనా వేశారు.

నిబంధన మంచిదే, కానీ అందులో ఒక కంత ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి వేపుడు నూనె వాడే సంస్థలే లెక్కలు రాసి, వాడిన నూనెను గుర్తింపు ఉన్న సేకరణదారుకు ఇవ్వాలి. చిప్స్ ఫ్యాక్టరీలకు, పెద్ద హోటళ్లకు అది సరిపోతుంది. మన ఊళ్లలో టిఫిన్ బండి రోజుకు వాడేది ఐదు లీటర్లో, పదో. పెద్ద స్వీట్ షాపులు కొన్ని తప్ప తక్కినవి ఆ గీతకు బాగా కిందే ఉంటాయి. కాబట్టి రాత్రి మూకుడులో మిగిలిన నూనెను ఎవరూ లెక్క అడగరు. అది మురుగుకాలువలోకైనా పోతుంది, మర్నాడు కొత్త నూనెలో కలిసి మళ్లీ పొయ్యి మీదికైనా వస్తుంది. రెండోదే ఎక్కువ, ఎందుకంటే నూనె డబ్బు పెట్టి కొన్నది.

మరి ఆ నల్లటి నూనెను గుడ్డలో వడకట్టి పాత ట్రాక్టర్‌లో పోస్తే? కొత్త నూనెకున్న చిక్కులన్నీ దీనికి ఉంటాయి, పైన మరికొన్ని. ఉల్లిపాయ, బంగాళాదుంప వదిలిన నీళ్లు అందులో ఉంటాయి. ఉప్పు ఉంటుంది. మాడిన శనగపిండి పొడి గుడ్డలోంచి జారిపోయేంత మెత్తగా ఉంటుంది. డీజిల్ ఫిల్టర్ పట్టేది మైక్రాన్ల లెక్కన, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కన. నూనె విరిగి పుట్టిన ఆమ్లాలు పంపు లోపలి లోహాన్ని తింటాయి. వారం రోజులు కదపకుండా ఉంచి, అడుగు మడ్డి వదిలేసి, పై తేట మాత్రమే తీసి సన్నటి ఫిల్టర్లలో పంపినా ఆమ్లాలు పోవు.

అందుకే బయోడీజిల్ అవసరం. నూనెకు మిథనాల్, కొద్దిగా క్షారం కలిపి 60 డిగ్రీల దగ్గర కలియబెడితే ఆ మూడు గొలుసులు గ్లిజరిన్ వెన్నెముక నుంచి ఊడి, ఒక్కొక్కటీ విడిగా మిథనాల్‌తో జతకడతాయి. సుమారుగా 100 కిలోల నూనెకు 10, 11 కిలోల మిథనాల్ పడుతుంది. 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల గ్లిజరిన్ వస్తాయి. గ్లిజరిన్ బరువుకు అడుగున దిగుతుంది. పైన తేరిన బయోడీజిల్ చిక్కదనం డీజిల్‌కు దగ్గరగా, 4, 5 సెంటీస్టోకుల దగ్గర ఉంటుంది. నాజిల్ దగ్గర మళ్లీ పొగమంచు వస్తుంది. చదవడానికి తేలికగా ఉన్నా ఇది ఇంటి పెరట్లో చేసే పని కాదు. మిథనాల్ మంట పగటి వెలుగులో సరిగా కనిపించదు, కడుపులోకి పోతే చూపు, ప్రాణం రెండూ తీస్తుంది. నూనెలో తేమ, ఆమ్లాలు ఎక్కువగా ఉంటే బయోడీజిల్ బదులు డ్రమ్ము నిండా సబ్బు తయారవుతుంది.

పద్ధతి తెలిసినవాళ్ల చేతుల్లో చిన్న స్థాయిలో సాధ్యమేనని చూపిన ఊరు మన సరిహద్దు అవతలే ఉంది. ఒడిశా గజపతి జిల్లాలోని కించ్లింగి గ్రామంలో 2000 దశకం మధ్యలో గ్రామ్ వికాస్ సంస్థ సహకారంతో, సైకిల్లా తొక్కే యంత్రంతో బయోడీజిల్ తయారుచేసి నీటి పంపు నడిపారు. అక్కడ వాడింది ఇప్ప, కానుగ, వలిసెల నూనెలు. మన ఏజెన్సీ గ్రామాల్లోనూ దొరికేవే. ఎకరాలకు ఎకరాలు అడవి ఆముదం వేయించిన ప్రభుత్వ పథకాల కంటే ఈ చిన్న ప్రయత్నం నుంచే నేర్చుకోదగింది ఎక్కువ. 2009 నాటి జాతీయ విధానం 2017కల్లా 20 శాతం జీవ ఇంధనం కలపాలంది. బయోడీజిల్ విషయంలో అది దరిదాపుల్లోకి కూడా రాలేదు. 2018 విధానం 2030కి 5 శాతం అని లక్ష్యాన్ని దించింది.

బండి యజమానికి తెలియాల్సిన నిబంధనలు కొన్ని ఉన్నాయి. దేశంలో డీజిల్ ప్రమాణం ప్రకారం అందులో 7 శాతం వరకు బయోడీజిల్ ఉండొచ్చు, దానికి ఇంజిన్‌లో మార్పులు అక్కర్లేదు. అయితే కలిపే బయోడీజిల్ ఐఎస్ 15607 ప్రమాణానికి తగినదై ఉండాలి. ఆ పేరుతో రోడ్డు పక్క డ్రమ్ముల్లో అమ్మేదంతా బయోడీజిల్ అనుకోవడం ప్రమాదం. బండికి రెండో ట్యాంకు, వాల్వులు బిగించి ఇంధన వ్యవస్థను మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. అనుమతి లేకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా చిక్కే. పాత ఇంజిన్‌లో బయోడీజిల్ శాతం పెంచినప్పుడు ట్యాంకు గోడలకు ఏళ్లుగా పట్టిన మడ్డి కరిగి వస్తుంది కాబట్టి మొదటి ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి. ఇవి తెలిసి ఉంటే కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. పట్టణంలో వంద టిఫిన్ బండ్లు, హోటళ్లు రోజుకు రెండేసి లీటర్ల వాడిన నూనె ఇస్తాయనుకుంటే 200 లీటర్లు. అందులోంచి 190 లీటర్ల దాకా బయోడీజిల్ వస్తుంది. లీటరుకు నాలుగున్నర, ఐదు కిలోమీటర్లు ఇచ్చే బస్సుకు అది దాదాపు 900 కిలోమీటర్ల ఇంధనం. శ్రీకాకుళం నుంచి విశాఖకు ఎనిమిది ట్రిప్పులు. పట్టణం మొత్తం డీజిల్ అవసరంలో ఇది చిన్నదే. కానీ ఏడాదికి 73 వేల లీటర్ల మాడిన నూనె జనం కడుపుల్లోకి పోకుండా ఆగుతుందంటే, ఇంధనం కంటే ఆ లాభమే పెద్దదిగా కనిపిస్తుంది.

చిక్కంతా సేకరణలో ఉంది. పెద్ద బయోడీజిల్ కర్మాగారం ఉన్న కాకినాడ శ్రీకాకుళానికి 250 కిలోమీటర్లకు పైనే. రెండేసి లీటర్ల కోసం అంత దూరం నుంచి ట్యాంకరు రాదు. ఊళ్లో ఎవరో ఒకరు బండి బండికీ తిరిగి, జాలీ మూత ఉన్న డబ్బాలు ఇచ్చి, వారానికి రెండుసార్లు నింపినవి తీసుకుని, అక్కడికక్కడే డబ్బులిచ్చి, డ్రమ్ములకెత్తాలి. మహిళా సంఘాలు చేయగలిగిన పని ఇది, మున్సిపాలిటీ ఒక షెడ్డు ఇస్తే చాలు. ఇక ధర. 2019లో ఆయిల్ కంపెనీలు వాడిన నూనె నుంచి తీసిన బయోడీజిల్‌కు తొలి ఏడాది లీటరుకు రూ.51 ఇస్తామన్నాయి. అందులోంచి మిథనాల్, కరెంటు, రవాణా, కర్మాగారం లాభం పోగా మిగిలిందే టిఫిన్ బండి దగ్గరికి చేరాలి. బజ్జీలు వేసే మనిషికి మాత్రం ఆ రెండు లీటర్లు కొత్త నూనెలో కలుపుకుంటే మర్నాడు రెండు ప్యాకెట్ల ఖర్చు మిగులుతుంది. సేకరించేవాళ్లు ఇచ్చే డబ్బు ఈ మిగులుకు దగ్గరగా వచ్చేదాకా, లేదా పాత నూనె కలుపుతూ దొరికిపోతే పడే జరిమానా భయం చిన్న బండ్ల దాకా చేరేదాకా, రాత్రి బజ్జీల మూకుడులో నల్లబడ్డ నూనె పొద్దున పూరీల మూకుడులోకే వెళుతుంది.